పుస్తకం ఇయ్యటం వరకే నీ పనంట

గ్రంథాలయోద్యమం గురించి ఎవరు రాసినా 1914 ఏప్రిల్ 10 దగ్గర మొదలుపెడతారు. ఆ రోజు బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు కలిశారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్య గారు అన్నీ తానై నడిపించారు. దేశం మొత్తంలో మనమే ముందని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోండి, అందులో నాకేం పేచీ లేదు. నేను మాత్రం మూడేళ్ళు ఇవతలికి జరిగి 1917 దగ్గర నిలబడతా. అదే బెజవాడ. భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన మావాళ్ళు పంచమ మహాసభ పేరుతో కూడారు. పంచములనే పేరు మాకొద్దు, ఈ నేలకి మొదటివాళ్ళం మేము, ఆది ఆంధ్రులం అని తేల్చి చెప్పారు. మాకు బళ్ళు కావాలన్నారు, బావులు కావాలన్నారు. మొదటి సభవాళ్ళు ఊరూరికీ పుస్తకం పోవాలంటుంటే, రెండో సభవాళ్ళు మమ్మల్ని ఊళ్ళోకి రానియ్యండి మహాప్రభో అంటున్నారు. ఈ రెండు సభల్నీ పక్కపక్కన పెట్టి రాసిన వ్యాసం ఇన్నేళ్ళలో నా కంటబడలేదు. గ్రంథాలయ వారోత్సవాల్లో ఏటా ఉపన్యాసాలు వింటూనే ఉన్నా. అందులోనూ లేదు.

మా వైపు ఇంకో సంగతి గొప్పగా చెప్తారు. 1935లో పెదపాలెం పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య పడవెక్కిన జనం ఊసుపోక కూచోకుండా చదువుకోటానికి పుస్తకాలు, పత్రికలు పడవలోనే పెట్టారు. ఎంత గొప్ప ఆలోచన! పాతూరి గారు పుస్తకం కోసం బతుకు ధారపోసిన మనిషి. ఆయన్ని నేను తప్పుపట్టను. నా ప్రశ్న ఆ పడవ గురించి. మా తాత ఆ పడవెక్కితే ఎక్కడ కూచునేవాడు? ఎవరి పక్కన? పుస్తకం ముట్టుకుంటే ఆ తర్వాత దాన్ని ఎవరు ముట్టుకునేవాళ్ళు? వేసవిలో నీళ్ళు కట్టేసినప్పుడు కాలవల్లోకి దిగి పూడిక తీసింది మావాళ్ళే. గట్టుమీద మట్టితట్టలు మోసింది మావాళ్ళే. పడవ పోయే దారి చేసినోడికి పడవలో ఉన్న పుస్తకంలో ఏముందో తెలవదు. ఉద్యమ చరిత్రలో గ్రంథాలయాల లెక్కలు రాసుకున్నారు, సభల లెక్కలు రాసుకున్నారు, పత్రికల లెక్కలు రాసుకున్నారు. వాటిల్లో ఎన్నిటి గడప మాలమాదిగలు తొక్కారో ఆ లెక్క మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది.

మా మాలపల్లెలో మొదటి గ్రంథాలయం చర్చి. లూథరన్ మిషనువాళ్ళు కట్టిన పెంకుటిల్లు. అందులో ఒక బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు నాలుగైదు. అదే మా పురాణం, అదే మా ప్రబంధం. మా నాయనమ్మకి ఒక్క అక్షరం రాదు, కీర్తనల నంబర్లు మాత్రం నోటికి వచ్చు. నంబరు చెప్తే పాట ఎత్తుకునేది. ‘చదువు కోసం మతం మారారు’ అని మమ్మల్ని ఎద్దేవా చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవును, మారాం. మీ బడి వాకిట్లోకి కూడా రానివ్వలేదుగా, మరి ఎక్కడ చదవమంటారు? అంబేడ్కరంతటివాడు బళ్ళో విడిగా గోనెపట్టా మీద కూచుని చదువుకున్నాడు. సాయంత్రం ఆ గోనె ఆయనే చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి. అట్టాంటి మనిషి తర్వాత బొంబాయిలో రాజగృహ కట్టించుకుని, ఇంటినిండా వేలకొద్దీ పుస్తకాలు నింపుకున్నాడు. పుస్తకం మీద ఆ ఆకలి ఎక్కణ్ణించి వచ్చిందో మావాడలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా మావ గురించి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు. 1948లో పుట్టాడు. మిషను బోర్డింగులో ఉండి ఎస్సెల్సీ చదివాడు. రేపల్లెకి దగ్గర్లో ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంది, ఊరి నడిబొడ్డున. అందులో ఊడ్చి, నీళ్ళు పోసి, బల్లలు తుడిచే పార్ట్‌టైం పనికి చేరాడు. తుడుస్తూ తుడుస్తూ బీరువాల్లో ఉన్నవన్నీ చదివాడు. తర్వాత బెజవాడ వెళ్ళి సర్టిఫికెట్ కోర్సు చేసి, అక్కడే లైబ్రేరియనయ్యాడు. మొన్నటిదాకా చీపురు పట్టిన చెయ్యి ఇష్యూ రిజిస్టర్లో సంతకం పెడుతుంటే ఊరికి మింగుడు పడలేదు. కొంతమంది పెద్దలు పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకునేవాళ్ళు కాదు. ‘బల్లమీద పెట్టు’ అనేవాళ్ళు. ఆయన పెడితే అప్పుడు తీసుకునేవాళ్ళు. కుండయితే పగలగొట్టొచ్చు, గిన్నయితే నిప్పుల్లో కాల్చి శుద్ధి చేసుకోవచ్చు. కాగితాన్ని కడగలేరు గదా, అందుకని బల్లని మధ్యవర్తిగా పెట్టుకున్నారు.

మావకి ఒక అలవాటు ఉండేది. ఏ పుస్తకం చదివినా 200 పేజీల రూళ్ళ నోటుబుక్కులో రాసేవాడు. పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు, యాక్సెషన్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, కింద ఆయన అభిప్రాయం. ఒక్కోసారి నాలుగు ముక్కలు, ఒక్కోసారి నాలుగు పేజీలు. మొదటి నోటుబుక్కు మీద 1978 జనవరి అని ఉంది. 1977 నవంబరు ఉప్పెన వచ్చి రెండు నెలలు గడవని రోజులవి. మనుషులు గంజికేంద్రాల ముందు వరసల్లో నిలబడ్డ కాలంలో ఆయన పుస్తకాల గురించి రాయటం మొదలుపెట్టాడు. ఎందుకు మావా అంటే, ‘చదివింది ఎవరితోనైనా చెప్పాలి గదా అల్లుడూ, ఊళ్ళోవాళ్ళకి చెప్తే వినరు’ అన్నాడు. ఊరు వినదు కాబట్టి వాడకి చెప్పాడు. ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక చర్చి మెట్లమీద కూచుని, ఆ వారం చదివిన పుస్తకంలో కథ చెప్పి, తన అభిప్రాయం చదివి వినిపించేవాడు. చుట్టూ కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు, చుట్ట ముట్టించుకున్న ముసలాళ్ళు, మాలాంటి పిల్లకాయలు. నేను మొదట విన్న సాహిత్య విమర్శ అదే. విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పే విమర్శ తర్వాత చదివా. ఈ మెట్లమీద విన్నదానికి అది ఆమడదూరంలో ఆగిపోద్ది.

ఆయన రాసినవి కొన్ని చెప్తా, ఎట్టాంటివో తెలియటానికి.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ మీద మూడు పేజీలు రాశాడు. ఆ నవల 1922లో వచ్చింది. మా గుంటూరు జిల్లా మనిషే జైల్లో కూచుని రాశాడు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలుగు నవలా చరిత్రలో దానికి ఇచ్చే పీట తెలిసిందే. మావ ఆ పీట తియ్యలేదు. మా పేరు పుస్తకం అట్టమీద వెయ్యటానికి ఒక బ్రాహ్మడికి వచ్చిన ధైర్యం చిన్నది కాదని ముందే రాశాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. కన్నకొడుకు పోయినా తండ్రి రామదాసు వేదాంతం తప్పడు. మావ ఏం రాశాడంటే: ‘ఇంత ఓర్పు గల మనిషిని నేను మా పల్లెలో చూడలేదు. కొడుకుని చంపితే మావాళ్ళు ఏడుస్తారు, తిడతారు, మన్ను ఎత్తి పోస్తారు, చేతకాక ఊరుకుంటారు. చేతకాక ఊరుకోవటం వేరు, క్షమించటం వేరు. రామదాసు ఓర్పు రాసినాయన కోరిక.’ ఈ ఆఖరి మాట రాయటానికి విమర్శకులకి ఎన్ని పుస్తకాలు పట్టేదో! మావకి మా పల్లె చాలింది.

జాషువా ‘గబ్బిలం’ ఆయనకి ప్రాణం. 1941లో వచ్చిన ఆ కావ్యాన్ని ఎన్నిసార్లు చదివాడో ఎన్నిసార్లు తేదీలు వేశాడో. ఒకచోట ఇట్టా ఉంది: ‘పద్యం వాళ్ళ సొత్తని ఇంక ఎవరూ అనలేరు. అయితే మా ఇంటామెకి సగం మాటలు అర్థం కాలేదు. విడగొట్టి చెప్పా. ఏడ్చింది. పద్యానికి ఏడ్చిందో నా గొంతు విని ఏడ్చిందో తెలవదు.’ మా అత్త అభిప్రాయాలు కూడా ఆయన నోటుబుక్కులో ఉన్నాయి. ఆమెకి చదువు రాదు. ఆయన చదివితే వినేది. ఆ రోజుల్లో వారపత్రికలో పేరు మోగిపోయిన ఒక సీరియల్ నవల ఉండేది. అందులో నాట్లేసే ఆడవాళ్ళు మిట్టమధ్యాన్నం గాజులు గలగలమంటుంటే పాటలు పాడుకుంటూ నాటేస్తుంటారు. మా అత్త వింటానే లేచి, ‘ఆ రాసినామె గట్టుమీద గొడుగేసుకుని చూసుంటది, బురదలో దిగలా’ అంది. ‘పాట పొద్దున పాడతాం, ఒళ్ళు వేడెక్కటానికి. మధ్యాన్నానికి నడుము పగిలిపోతుంటే నోట్లోంచి మాటే రాదు, ఇంక పాటేంది? గాజులు చేనికి ఎవరేసుకెళ్తారు, పగిలి చేతిలో దిగటానికా?’ అంది. మావ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఆ నవల మీద అప్పట్లో సమీక్షలు కుప్పలుగా వచ్చుంటాయి. మా అత్త మాటకి సరితూగేది ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటా.

1985 జూలై 17 తర్వాత రెండు నెలలపాటు నోటుబుక్కులో పుస్తకాల పేర్లు లేవు. తేదీలు మాత్రం వేసుకుంటూ పోయాడు, ఎదురుగా ఖాళీ. కారంచేడులో ఆ రోజు ఆరుగుర్ని చంపారు. తాగే నీళ్ళ చెరువుని ఖరాబు చెయ్యొద్దన్న పాపానికి మొదలైంది. ఆ ఖాళీ గీతలు చూపించి నేనడిగితే, ‘చదవలేదురా, చదవబుద్ధి కాలా’ అన్నాడు. అంతకన్నా చెప్పలేదు.

మరుసటేడు ఆయన ఒక పని చేశాడు. నోటుబుక్కు ఇంట్లో పెట్టుకోకుండా గ్రంథాలయం బల్లకి దారంతో కట్టి, పెన్సిలు పెట్టాడు. చదివినవాళ్ళు ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు, ముందు వాటిల్లో తనవి ఉంటాయి. నాలుగు వారాలు నడిచింది. వాడ కుర్రాళ్ళు రాశారు, ఊరి కుర్రాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు రాశారు. అప్పుడు ఒక పెద్దమనిషి ‘మాలపల్లి’ మీద మావ రాసింది చదివాడు. చౌదరయ్య పేరు దగ్గర ఆగిపోయుంటాడు. లైబ్రేరియను ఊళ్ళో కులగొడవలు రేపుతున్నాడని పైకి అర్జీ పోయింది. పైనుంచి ఒకాయన తనిఖీకి వచ్చాడు. పుస్తకాలు పోయాయా, చెదలు పట్టాయా అని చూడలేదు, నోటుబుక్కు ఒక్కటే చూశాడు. ‘ఏమయ్యా, పుస్తకం ఇయ్యటం వరకే నీ పని. అది మంచిదో చెడ్డదో చెప్పటానికి నువ్వెవరివి?’ అన్నాడు. తర్వాత వచ్చిన మెమోలో అదే మాట మర్యాదగా ఉంది: పాఠకులకు గ్రంథములు అందజేయుట మాత్రమే గ్రంథపాలకుని విధి. మావ దారం విప్పి నోటుబుక్కు ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ మెమో మీదే నా తగాదా. పుస్తకాలు మొయ్యండి, దులపండి, సర్దండి, చెదలు పట్టకుండా కాపాడండి, అడిగినోడికి తీసివ్వండి. ఇదంతా మీరు చెయ్యొచ్చు. చదువుకోండి కూడా, మేం వద్దంటామా? ఇంతవరకు ఉదారులే. చదివి, ఇది అబద్ధం అని అనబోతేనే ప్రాణం మీదకొస్తది. వడ్లు పండించేదీ నూర్చేదీ మేమే, కొలిచేదగ్గర కుంచం మాత్రం వాళ్ళ చేతిలో. పుస్తకం దగ్గర కూడా అదే కుంచం. సమీక్ష అంటే కొలవటం. కొలిచే హక్కు చేతులు మారితే ఏమవుతదో వాళ్ళకి బాగా తెలుసు. నాలుగు పేజీల నోటుబుక్కుకి అంత వణుకు ఊరికే రాదు.

ఈ మాట 1986తో పోయిందనుకుంటారేమో. పోలా. నేను డిగ్రీ బాపట్లలో చదివా. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు. ఆ సంగతి మాకు తరగతిలో రెండుసార్లు చెప్పారు. బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. అదే 1913లో ఎరుకలోళ్ళని నేరస్థ జాతి అని ముద్రేసి తీసుకొచ్చి అక్కడ సెటిల్‌మెంటు పెట్టారు, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఇది ఒక్కసారి కూడా చెప్పలా. ఒకే ఏడు, పక్కపక్కనే. ఒకటి చరిత్ర అయింది, ఇంకోటి పోలీసు రికార్డు అయింది.

ఉద్యోగం వచ్చాక, 2012 డీఎస్సీలో, జీతం చేతికి రాగానే పుస్తకాలు కొనటం మొదలుపెట్టా. మావ లాగే నేనూ రాసుకుంటా. తెనాలిలో ఒక సాహిత్య సభలో ఒక కథల సంపుటి మీద మాట్లాడమన్నారు. ఆ కథల్లో పాలేరు పాత్రలు ఏడున్నాయి. ఏడుగురూ విశ్వాసంగా ఉంటారు. ఒక్కడికీ ఇల్లు లేదు, పెళ్ళాం లేదు, యజమాని గొడ్లసావిడి తప్ప రాత్రి ఎక్కడికి పోతాడో రచయితకి తెలవదు. నేను అదే చెప్పా. అయిపోయాక ఒక రిటైర్డు లెక్చరరు గారు నా భుజం మీద చెయ్యేసి, ‘బాబూ, బాగా చదివావు. కానీ కులం పక్కన పెట్టి చదివితే సాహిత్యం కనపడుద్ది’ అన్నారు. సభ మొదలుకాకముందు ఇదే పెద్దాయన నన్ను మూడు రకాలుగా అడిగారు: ‘ఇంటిపేరేంటి బాబూ?’ ‘మీదేవూరు, ఊళ్ళోనేనా?’ ‘నాన్నగారేం చేస్తారు?’ నా కులం కనుక్కుంటానికి మూడు ప్రశ్నలు ఖర్చు పెట్టిన మనిషి, నన్ను దాన్ని పక్కన పెట్టమంటాడు. పక్కన ఎక్కడ పెట్టను? ఆయన పక్కనా?

తెనాలి అంటే పుస్తకాల ఊరు. కాదన్నవాడు లేడు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, ‘చందమామ’ చక్రపాణి ఊరు, త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్న ఊరు. ఆంధ్రా ప్యారిస్ అని మురుసుకుంటారు. వీళ్ళతోపాటు శారద పేరు చెప్తారు. శారద అంటే ఎస్. నటరాజన్. తమిళ దేశం నించి చిన్నప్పుడే వచ్చి, తెనాలి హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ లాంటి నవలలు రాశాడు. 1955లో, ముప్ఫై దాటి ఎన్నాళ్ళో కాకముందే పోయాడు. ఆయన పుస్తకాలు నాకిష్టం. ఆ ఆకలి అబద్ధం కాదు, మూర్ఛరోగంతో పడుతూ లేస్తూ రాసిన ఆ మనిషికి నేను దణ్ణం పెడతా. అయితే తెనాలి పెద్దలు ఆయన్ని చూపించి ‘చూశావా, హోటల్లో ప్లేట్లు మోసినోడు కూడా రాయొచ్చు’ అని మాకు నీతి చెప్పబోతే మాత్రం ఊరుకోను. ఆయన తమిళ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. ఆ రోజుల్లో మా తాతకి ఆ హోటల్లో ప్లేట్లు మొయ్యటానికి పని ఇస్తారా? కూచుని టీ తాగటానికే రానీయనోళ్ళు వంటింట్లోకి రానిస్తారా? బయట మాకు వేరే గ్లాసు, తాగి కడిగి బోర్లించి పోవాలి. పేదరికంలో కూడా మెట్లున్నాయి. ఆ మెట్లలో ఆఖరుదాని కింద ఉన్నోడు రాస్తే ఎట్టా ఉంటదో చూద్దామనుకున్న పబ్లిషరు అప్పట్లో తెనాల్లో ఉన్నాడా? మా వైపు నించే వెజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ గారు ‘ఊరబావి’ రాసిందాకా ఆ బావి దగ్గర మా ఆడవాళ్ళు ఎట్టా నిలబడ్డారో తెలుగు కథకి తెలవదు.

రేపల్లె ప్యాసింజరు దిగి తెనాలిలో బండి మారి బాపట్ల వైపు పోతే కాసేపటికే చుండూరు వస్తది. డిగ్రీ రోజుల్లో ఆ స్టేషను రాగానే నేను పుస్తకం మూసేవాణ్ణి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమందిని వెంటాడి చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. సినిమాహాల్లో కాలు తగిలిందని మొదలైన గొడవ అని రాశారు. కాలు తగలటం కాదండీ. ఆ పల్లెలో మనుషులు చదువుకున్నారు. రైల్వేలో ఉద్యోగాలున్నాయి. పొలం కోసం ఎవరి గుమ్మంలోనూ నిలబడనక్కర్లేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుని హాల్లో కుర్చీలో కూచుని సినిమా చూస్తారు. అదీ కారణం. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు ఇరవైఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అంబేడ్కర్ని కూచోబెట్టింది గోనెపట్టా మీద, చుండూరోళ్ళని కట్టింది గోనెసంచిలో. చదువుకున్న మాలమాదిగని ఊరు ఎట్టా చూస్తదో ఇంతకంటే వేరే పాఠం నాకు అక్కర్లేదు. ఆ చుండూరు తర్వాత మా కవులు రాస్తే, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వస్తే, ‘ఆవేశం ఎక్కువైంది, శిల్పం తగ్గింది’ అన్నారు. శవాల్ని సంచుల్లో మూటగట్టినప్పుడు శిల్పం గురించి ఎవరూ అడగలా.

ఇప్పుడు గ్రంథాలయాల్లోకి ఎవరు వస్తున్నారో చూడండి. పొద్దున తలుపు తియ్యకముందే వాకిట్లో కుర్రాళ్ళు నిలబడతారు, టిఫిన్ డబ్బా, వాటర్ బాటిలు, గ్రూప్స్ పుస్తకాలు, డీఎస్సీ పుస్తకాలు పట్టుకుని. ఎక్కువమంది మా పిల్లలూ బీసీ పిల్లలూ. ఇంట్లో కుర్చీ, బల్ల, ఫ్యాను లేనోళ్ళు. దీన్ని చూసి మన సాహితీవేత్తలు ఏడుస్తున్నారు, గ్రంథాలయాలు కోచింగ్ సెంటర్లయ్యాయి, సాహిత్యం చదివేవాడు లేడని. అయ్యా, మీ పిల్లలకి అమెరికాలో ఉద్యోగాలు వచ్చాక మీకు సాహిత్యం గుర్తొచ్చింది. మావాడికి ముందు జీతం రానీయండి. నేను కూడా ఆ బల్లమీదే చదివి టీచరునయ్యా. అయితే మా కుర్రాళ్ళకీ ఒక మాట చెప్తా: ఉద్యోగం రాగానే ఆ గడప మళ్ళీ తొక్కకపోవటం ఏంటి? మన ఆఫీసర్ల ఇళ్ళకి పోతే హాల్లో అంబేడ్కర్ ఫోటో, దానికి గంధపు దండ. ఆయన సంపుటాలు అద్దాల బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంటాయి. ఫోటోకి దండేసి పుస్తకం మూసి పెట్టటం మనం ఎవర్ని చూసి నేర్చుకున్నాం?

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ మా ముఖాన చెప్పరు. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఊళ్ళో మేడకీ పడుద్ది, మా వాడలో కాలనీ ఇంటికీ పడుద్ది. మా అమ్మ కూలి డబ్బుల్లోంచి కట్టింది. పంచాయతీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసినదాన్ని గ్రంథాలయ సంస్థలకి కట్టకుండా ఏళ్ళ తరబడి బకాయిలు పెడతాయి, అది వేరే కథ. నేను చెప్పేది, ఆ బీరువాల్లో పుస్తకాలు ఎవరి దానమూ కాదు. మా డబ్బుతో కొన్నవి. మా డబ్బుతో కొన్న పుస్తకం బాగోలేదని చెప్పటానికి మాకు ఎవరి అనుమతి కావాలి? అందులోనూ ఒక బీరువాకి ‘దళిత సాహిత్యం’ అని చీటీ అంటించి ఓ మూలకి, బాత్‌రూము తలుపు పక్కకి నెడతారు. మా మావ రిటైరయ్యేదాకా ఆ చీటీ అంటించలేదు. జాషువాని కావ్యాల్లో పెట్టాడు, ఇనాక్‌ని కథల్లో పెట్టాడు. 2006లో ఆయన దిగిపోయాక వచ్చినాయన మొట్టమొదట చేసిన పని ఆ చీటీ.

2020లో ప్రభుత్వం ‘చదవడం మాకిష్టం’ అని బళ్ళలో కార్యక్రమం పెట్టింది. నేను మా బళ్ళో దాన్నే ఆసరా చేసుకుని పిల్లల చేత పుస్తకం చదివించటంతో ఆపకుండా, ఏది నచ్చలేదో కూడా రాయిస్తున్నా. ‘నచ్చింది’ రాయటం పిల్లలకి సులువు. ‘నచ్చలేదు’ రాయటానికి పెన్ను ఆగిపోద్ది, సార్ తిడతాడేమోనని. వాడ పిల్లలకి మరీ ఎక్కువ. ఆ ఆగటం పోగొట్టటానికి ఒక్కో పిల్లకి ఏడాది పడుతుంది. ఒకసారి తోటి మాస్టారు ఒకాయన, ‘పుస్తకాల మీద గౌరవం పోద్దండీ’ అన్నాడు. పోనీయండి అన్నా. గౌరవం మావాళ్ళు వెయ్యేళ్ళు దూరం నించే చూపించారు.

మావ 2016లో పోయాడు. నోటుబుక్కులు మొత్తం పదకొండు. 1990 మే తుపానుకి ఇంటికప్పు లేచిపోయి రెండు నానిపోయాయి, అక్షరాలు కలిసిపోయి చదవటానికి రావు. తొమ్మిది బాగానే ఉన్నాయి, మా అత్త ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచింది. వాటిల్లో ఏరి ఒక పుస్తకం వెయ్యాలని నేను నాలుగేళ్ళుగా తిరుగుతున్నా. ఒక ప్రచురణ సంస్థవాళ్ళు చదివి బాగుందన్నారు. బాగుందన్నాక, పేరున్న విమర్శకుడి చేత ముందుమాట రాయించుకు రమ్మన్నారు. చదువులేని మా అత్త అభిప్రాయాలు కూడా తీసేద్దామన్నారు, ‘పుస్తకానికి బరువు తగ్గుద్ది’ అని. ‘మాలపల్లి’ మీద రాసిన మూడు పేజీల్లో ఆఖరి పేరా సవరించమన్నారు.

కుదరదని చెప్పొచ్చా. అత్తనీ అడిగా. ‘నా మాటలు తీసేస్తే ఆయనవి కూడా ఇవ్వమాకు’ అంది. ప్రస్తుతానికి తొమ్మిదింటినీ జిరాక్సు తీయించి, తెనాల్లో స్పైరల్ బైండింగు చేయించా. మూడు సెట్లున్నాయి. ఒకటి మా బళ్ళో, ఒకటి మావాడ చర్చిలో. మూడోది పట్టుకుని మావ పనిచేసిన గ్రంథాలయానికి వెళ్ళా. ఇప్పుడున్నాయన తిప్పి చూసి, దీనికి యాక్సెషన్ నంబరు వెయ్యాలంటే పైవాళ్ళని అడగాలి మాస్టారూ, పెట్టెళ్ళండి అన్నాడు. పెట్టొచ్చా. ఆ సెట్టుకి ఇంకా నంబరు పడలేదు.